చూపరికి బాధ్యత వుందా?

చూడటానికి ఖర్చు లేదని మనవాళ్ళ నమ్మకం. తిరునాళ్ళకు పోయి మొక్కు చెల్లించనివాడూ, ఎడ్లపందాల దగ్గర పందెం కాయనివాడూ, సమ్మె చేసినవాళ్ళ వూరేగింపు పోతూంటే అరుగు మీద నిలబడి చూసేవాడూ, ముగ్గురూ ఒకే మాట అంటారు: ‘‘మేం వూరికే చూస్తున్నాం.’’ ఈ ‘‘వూరికే’’ అన్న మాట ఎంతవరకు నిజం? తనకు చెందని గుంపులోకి బయటివాడుగా పోయి మనుషులను చూసి రావటం మంచీ చెడూ అంటని పనేనా? చూపరికి కూడా ఏదైనా బాధ్యత వుందా?

ఈ ప్రశ్న ఇతరుల కన్నా రచయితలకూ ఉపాధ్యాయులకూ ఎక్కువగా వర్తిస్తుంది. ప్రజలను పరిశీలించటం మన వృత్తిలో భాగమని మనం చెప్పుకుంటాం. పరిశీలించి రాసినదానికి వాస్తవికత అని పేరు పెడతాం. ఆ పరిశీలనకు అర్హత ఎక్కడ నుంచి వస్తుందో మాత్రం అరుదుగా అడుగుతాం. ప్రశ్నను గాలిలో తర్కించటం కన్నా ఒక ఉదాహరణ మీద పెట్టి చూడటం మేలు. నేను తీసుకునే ఉదాహరణ అమెరికాలో, సౌత్ డకోటా రాష్ట్రంలో, ఏటా ఆగస్టు నెలలో స్టర్గిస్ అనే వూళ్ళో జరిగే మోటారుసైకిళ్ళ ర్యాలీ. దూరదేశపు ఉదాహరణ ఎందుకంటే, అక్కడ చూసేవాడికీ చూడబడేవాడికీ మధ్య జరిగే వ్యవహారం దాపరికం లేకుండా సాగుతుంది. మన వూళ్ళల్లో అదే వ్యవహారం చుట్టరికాల చాటునా మర్యాదల చాటునా జరిగిపోతుంది.

స్టర్గిస్ ఏడువేల జనాభాగల చిన్న వూరు. 1938 ఆగస్టులో ఆ వూళ్ళో ‘‘ఇండియన్’’ రకం మోటారుసైకిళ్ళు అమ్మే వర్తకుడొకడూ, అతని మిత్రుల సంఘం ‘‘జాక్‌పైన్ జిప్సీస్’’ వాళ్ళూ కలిసి పరుగుపందెం పెట్టారు. పాల్గొన్నది తొమ్మిదిమంది. యుద్ధకాలంలో పెట్రోలు కొరత వల్ల ఆగింది గాని, తరువాత పెరుగుతూనే వచ్చింది. 2015లో జరిగిన 75వ ర్యాలీకి ఏడు లక్షల పైచిలుకు జనం వచ్చారని వూరి అధికారులు లెక్క కట్టారు. అంటే, వూళ్ళో కాపురముండే ఒక్కొక్క మనిషికి నూరుమంది అతిథులన్నమాట. వూరివాళ్ళు కొందరు తమ ఇళ్ళను అద్దెకిచ్చి ఆ పది రోజులూ ఎటైనా వెళ్ళిపోతారు.

ప్రధానవీధిలోకి ఆ రోజుల్లో కార్లను రానివ్వరు. వీధికి రెండు అంచులా రెండు వరసలూ, నడిమధ్య మరి రెండు వరసలూ మోటారుసైకిళ్ళు నిలబెడతారు. ఆ వరసల మధ్య మిగిలిన దారిలో మరికొన్ని వేల బళ్ళు నత్తనడక నడుస్తూ వుంటాయి. అవి ఎక్కడికీ పోవటం లేదు. వీధి చివరిదాకా పోయి, తిరిగి వస్తాయి. కాలిబాటల మీద జనం వాటిని చూస్తుంటారు, బళ్ళమీది జనం కాలిబాటలను చూస్తుంటారు. నెరిసిన గడ్డాలూ, చేతుల్లేని తోలుకోట్లూ, కోట్లకు కుట్టిన గుడ్డబిళ్ళలూ, వియత్నాం యుద్ధంలో పోయినవాళ్ళ జ్ఞాపకార్థం కట్టిన నల్లజెండాలూ కనిపిస్తాయి. ఆ రాష్ట్రంలో పద్దెనిమిదేళ్ళు నిండినవాడికి హెల్మెట్ తప్పనిసరి కాదు గనక ముఖాలన్నీ బయటికే కనిపిస్తాయి. చూపరికి ఇంతకన్నా అనువైన చోటు మరొకటి వుండదు.

చూపరి మొదట చేసే పని తీర్పు చెప్పటం. స్టర్గిస్ గురించి రెండు తీర్పులు సిద్ధంగా వున్నాయి. మొదటిది మర్యాదస్తులది: వీళ్ళు తాగుబోతులు, రౌడీలు, చట్టమంటే లెక్కలేనివాళ్ళు. రెండోది మనవాళ్ళది: వీళ్ళు స్వేచ్ఛ అనే పేరుతో కంపెనీ సరుకు కొనుక్కుని మురిసిపోయే మధ్యతరగతివాళ్ళు, వ్యవస్థను ఎదిరిస్తున్నామని అనుకుంటూ అందరూ ఒకే రకం కోటు తొడుక్కున్నారు. ఈ రెండో తీర్పులో కొంత నిజం వుంది. పెద్ద రకం బళ్ళకు పాతికవేల డాలర్ల పైన పెట్టాలి. వాటిని ట్రెయిలరు మీద వేసుకుని తెచ్చి వూరి పొలిమేరలో దించి ఎక్కేవాళ్ళూ లేకపోలేదు. అయినా, ఆ తీర్పు నిజం కావటం వేరు, దాన్ని ఎంత చవకగా సంపాదించామన్నది వేరు. స్టర్గిస్‌కు పోకుండానే ఆ తీర్పు చెప్పవచ్చు. పోయి వచ్చినా అదే తీర్పు చెప్పేటట్టయితే ఆ చూపు దేనికి పనికొచ్చినట్టు?

నేను ఒక ఏడాది ఆ వీధిలో ఒక పగలల్లా నిలబడి చూశాను. అరవై దాటిన మనిషి ఒకడు తన బండిని గుడ్డతో తుడుస్తూ, నేను చాలాసేపటి నుంచి అక్కడే వున్నానని గమనించి పలకరించాడు. నాకు బండి వుందా అని అడిగాడు. లేదన్నాను. నడపటం వచ్చునా అని అడిగాడు. రాదన్నాను. అలాగయితే ఎందుకు వచ్చావన్నాడు. చూడటానికన్నాను. ఏం చూశావన్నాడు. అందులో కోపం లేదు, వెటకారమూ లేదు. బళ్ళ కన్నా వాటిని తుడిచే చేతులనే ఎక్కువగా చూశానని చెప్పాను. అతను తన చేతులు చాపి చూపించాడు. ముప్ఫై ఏళ్ళు వెల్డింగు పని చేశాడట. తాను అతికించిన వస్తువుల్లో ఒక్కటీ తనది కాదట. అవి ఎక్కడికి పోయినాయో కూడా తెలియదట. ఈ బండికి మాత్రం ప్రతి మరా తానే బిగించాడట.

మార్క్స్ పరాయీకరణ గురించి 1844లో రాసినదాన్ని మనం తరగతి గదుల్లో బోధిస్తాం. అదే విషయాన్ని ఆ మనిషి పుస్తకం చదవకుండా తన చేతులు చూపించి చెప్పాడు. అతని బండి విప్లవం కాదు. ఏడాదికి యాభై వారాలు మేస్త్రీ మాట విన్నవాడు రెండు వారాలు తన యంత్రానికి తాను యజమాని కావటం వల్ల ఉత్పత్తి సంబంధాలేమీ మారవు. కాని ఆ కోరిక ఎక్కడ పుట్టిందో తెలియనివాడికి ఆ కోరికను వెక్కిరించే హక్కు లేదు. కంపెనీ అమ్మేది ఆ కోరికనే. కోరికను పుట్టించింది మాత్రం అతని ముప్ఫై ఏళ్ళ పని.

ఇక్కడొక ఆక్షేపణ రావచ్చు. చూపరి పొరపాటు తీర్పు చెప్తే చెప్పనీ, దాని వల్ల చూడబడినవాడికి ఏం నష్టం, అతను అతనిలాగే వుంటాడు కదా అని. ఈ వాదనకు చరిత్ర ఒప్పుకోదు.

1947 జులై మొదటి వారంలో కాలిఫోర్నియాలో హాలిస్టర్ అనే వూళ్ళో మోటారుసైకిళ్ళ పందేలు జరిగాయి. సుమారు నాలుగువేలమంది వచ్చారు. అప్పుడే యుద్ధం నుంచి తిరిగి వచ్చిన కుర్రవాళ్ళు వారిలో చాలామంది. తాగి అల్లరి చేశారు, వీధుల్లో బళ్ళ పందేలు వేశారు, కొందరిని పోలీసులు పట్టుకున్నారు. అంతకు మించి ఆ వూరికి పెద్ద ప్రమాదమేమీ జరగలేదు. జులై 21 నాటి ‘‘లైఫ్’’ పత్రికలో ఒక ఫొటో పడింది: బండి మీద వెనక్కు వాలి కూర్చున్న లావుపాటి మనిషి, రెండు చేతుల్లో రెండు బీరు సీసాలు, బండి చక్రాల కింద ఖాళీ సీసాల గుట్ట. ఫొటో తీసేటప్పుడు అక్కడే వున్న ఒక వూరివాడు తరువాతి కాలంలో సంగతి బయటపెట్టాడు. ఫొటో తీయవచ్చినవాళ్ళు సీసాలు పోగుచేసి పేర్చి, దారినపోయే తాగుబోతును ఆ బండి మీద కూర్చోబెట్టారట.

ఆ ఫొటో దేశమంతా చూసింది. 1951లో హాలిస్టర్ సంఘటన ఆధారంగా ఒక కథ వచ్చింది. 1953లో ఆ కథ ఆధారంగా మార్లన్ బ్రాండో నటించిన ‘‘ది వైల్డ్ వన్’’ సినిమా వచ్చింది. బ్రిటిష్ సెన్సారువాళ్ళు ఆ సినిమాను 1954లో నిషేధించి 1967 దాకా వదల్లేదు. బ్రాండో వేసుకున్న తోలుకోటును మాత్రం ఎవరూ నిషేధించలేకపోయారు. ఎక్కడెక్కడి కుర్రవాళ్ళూ ఆ కోటు తొడిగారు. నూటికి 99 మంది మోటారుసైకిలువాళ్ళు మర్యాదస్తులేనని అమెరికన్ మోటార్‌సైక్లిస్ట్ అసోసియేషన్ ప్రకటించిందని ఒక మాట పుట్టింది. అలా ప్రకటించిన దాఖలా తమ దగ్గర లేదని ఆ సంస్థే తరువాత చెప్పింది. అయినా కొన్ని ముఠాలు ఆ మిగిలిన ఒక్కరూ మేమేనని ‘‘1%’’ గుర్తును కోట్లకు కుట్టుకుని తిరిగాయి. ఆఖరికి 1997లో హాలిస్టర్ వూరు తన అపకీర్తికి యాభై ఏళ్ళు నిండిన సందర్భాన్ని పెద్ద ర్యాలీ పెట్టి పండగ చేసుకుంది.

ఈ వరస గమనించండి. ముందు చూపరి ఒక బొమ్మ తయారు చేశాడు. చూడబడినవాడు ఆ బొమ్మను తన ముఖమనుకున్నాడు. తరువాత వచ్చిన చూపరులు ఆ ముఖాన్ని చూసి, పాత బొమ్మ నిజమేనని సాక్ష్యం చెప్పారు. ‘‘వూరికే’’ చూసినవాడు ఇందులో ఎవడు? అద్దం ముందు నిలబడినవాడికి అద్దం ముఖాన్ని చూపిస్తుంది గాని, కొత్త ముఖం తగిలించదు. మనిషి చూపు అద్దం లాంటిది కాదు. చూపు వెనక పత్రిక వుంటుంది, పత్రిక వెనక పెట్టుబడి వుంటుంది. బలం వున్నవాడి చూపు బలం లేనివాడి మీద పడినప్పుడు అది ఆజ్ఞ అవుతుంది.

చూపు సరుకు కావటం కూడా స్టర్గిస్‌లో కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. హార్లీ డేవిడ్‌సన్ కంపెనీ 1980లలో జపాన్ బళ్ళ పోటీకి తట్టుకోలేక కుంగిపోయింది. 1983లో రీగన్ ప్రభుత్వం పెద్దరకం విదేశీ బళ్ళ మీద సుంకాన్ని 49.4 శాతానికి పెంచి దాన్ని ఆదుకుంది. అదే ఏడాది కంపెనీ తన బళ్ళు కొన్నవాళ్ళకు సంఘం పెట్టింది. స్వేచ్ఛా విపణి గురించి ఉపన్యాసాలిచ్చే ప్రభుత్వమూ, తిరుగుబాటు బొమ్మ అమ్ముకునే కంపెనీ, ఈ రెంటికీ కుదిరిన స్నేహం చెప్పుకోదగింది. 2015 నుంచి స్టర్గిస్ వీధి నడిబొడ్డున ఆ కంపెనీకి శాశ్వతమైన ఆవరణ వుంది. వూరితో చేసుకున్న ఒప్పందం 75 ఏళ్ళది. చివరికి ‘‘స్టర్గిస్’’ అనే వూరిపేరు ఎవరి ఆస్తి అనే విషయం మీద చొక్కాల వర్తకులు ఏళ్ళ తరబడి కోర్టులో కొట్లాడారు. ఆ పేరు తమ ముద్ర అన్న వాదానికి తగిన ఆధారం లేదని 2018లో అప్పీలు కోర్టు తేల్చింది. వూరిపేరు కూడా సంతలోకి వచ్చిందంటే, చూపరి ఒక్కడే సంతకు బయట వున్నాడని ఎలా అనగలం? అతని కోసమే సంత జరుగుతున్నది.

అయితే చూడటమే మానుకోవాలా? అది పరిష్కారం కాదు. చూడనివాడికి తెలియదు, తెలియనివాడు మార్చలేడు. చూడకపోవటం ఆధిక్యంలో వున్నవాళ్ళకు అలవాటైన సుఖం. మన మాలపల్లెల ముఖం చూడకుండా తరాల తరబడి బతికినవాళ్ళు మనకు తెలుసు. ఎలా చూడాలన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్నకు జవాబు వెతికినవాళ్ళు మనకు ముందే వున్నారు. 1937లో బ్రిటన్‌లో కొందరు యువకులు ‘‘మాస్ అబ్జర్వేషన్’’ అనే సంస్థ పెట్టారు. ఛార్లెస్ మాడ్జ్ కవి, కమ్యూనిస్టు; టామ్ హారిసన్ ఆదిమజాతుల మధ్య తిరిగి వచ్చినవాడు; హంఫ్రీ జెన్నింగ్స్ సినిమాలు తీసినవాడు. తమ దేశపు సామాన్యుల గురించి తమ దేశపు చదువుకున్నవాళ్ళకు ఏమీ తెలియదని వాళ్ళు గ్రహించారు. హారిసన్ బోల్టన్ మిల్లులో కూలిపని చేశాడు. అతనూ అతని మిత్రులూ సారాకొట్లలోనూ, చర్చిల్లోనూ, బ్లాక్‌పూల్‌కు సెలవు గడపటానికి పోయిన మిల్లు కార్మికుల మధ్యా కూర్చుని నోటుబుక్కులు నింపారు. ఒక గ్లాసు బీరు ఖాళీ కావటానికి ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి లెక్కించారు. వాళ్ళ చిత్తశుద్ధిని శంకించనక్కర లేదు. ఆ రాతల వల్ల కార్మికుల జీవితం వివరంగా కాగితం మీదకెక్కింది.

కాని ఆ నోటుబుక్కులు ఎవరి చేతికి పోయినాయి? యుద్ధం వచ్చాక ప్రజల మనోబలం ఎలా వుందో సమాచార మంత్రిత్వశాఖకు నివేదికలు పోయినాయి. 1949లో ఆ సంస్థ లిమిటెడ్ కంపెనీగా మారి, ఏ సబ్బు ఎందుకు అమ్ముడుపోతుందో వర్తకులకు చెప్పే పనిలో పడింది. అభ్యుదయ భావాలతో మొదలైన చూపు పదిహేనేళ్ళు తిరక్కుండా మార్కెటు పరిశోధన అయింది. ఇందులో ఎవరి ద్రోహమూ లేదు. చూసినదాన్ని చూడబడినవాళ్ళకు తిరిగి అప్పచెప్పే మార్గం ఏర్పాటు చేసుకోకపోతే, దాన్ని కొనేవాడు ఎప్పుడూ సిద్ధంగా వుంటాడు.

మనం కూడా ఒకప్పుడు చూడబడినవాళ్ళమే. ఎడ్గర్ థర్స్టన్ 1885 నుంచి ఇరవై ఏళ్ళకు పైగా మద్రాసు మ్యూజియానికి అధికారిగా వున్నాడు. మ్యూజియం చూడవచ్చిన జనాన్నే నిలబెట్టి తలలూ ముక్కులూ పరికరాలతో కొలిపించాడు. దక్షిణ భారతంలోని కులాలూ తెగల మీద 1909లో అతను ప్రకటించిన ఏడు సంపుటాలలో తెలుగుదేశపు కులాలు వరసగా కనిపిస్తాయి. వస్తువులు చూడటానికి వచ్చినవాళ్ళు తామే వస్తువులయ్యారు. ముక్కు కొలతలు ఇచ్చినవాళ్ళలో ఎవరూ ఆ సంపుటాలు చదివి, ఇది తప్పు అని చెప్పే అవకాశం లేదు. దాన్ని శాస్త్రమన్నారు. ఆ గ్రంథాల్లో ఉపయోగపడే సమాచారం లేదని నేననను. కాని ఆ కొలబద్ద తగిలిన జాతికి చెందినవాడు మరొకరి మీదికి కొలబద్ద తీసుకుపోయేటప్పుడు, దాని చల్లదనం ఎలా వుంటుందో మరిచిపోకూడదు.

ఇన్ని చెప్పిన తరువాత చూపరి బాధ్యత ఏమిటో కొంత స్పష్టంగా చెప్పవచ్చు.

మొదటిది, ప్రదర్శన వెనక వున్న శ్రమను చూడాలి. స్టర్గిస్‌లో అందరి కళ్ళూ బళ్ళ మీదే. ఆ పది రోజులకు కూలికి వచ్చి అర్ధరాత్రి దాకా గ్లాసులు కడిగేవాళ్ళూ, మరుగుదొడ్లు శుభ్రం చేసేవాళ్ళూ, నవ్వటం కూడా పనిలో భాగమైన సారాకొట్టు ఆడవాళ్ళూ ఫొటోల్లో పడరు. పడినా అలంకారంగానే పడతారు. వాళ్ళకు అది పండగ కాదు. పండగలో పండగ లేనిది ఎవరికో గుర్తించనివాడు పండగను చూడనట్టే.

రెండోది, నేల చరిత్రను చూడాలి. స్టర్గిస్ వున్న బ్లాక్ హిల్స్ ప్రాంతం 1868 నాటి ఫోర్ట్ లారమీ ఒడంబడిక ప్రకారం లకోటా ప్రజలది. 1874లో కస్టర్ సైన్యంతో వచ్చి బంగారం వుందని చాటాడు. 1877లో అమెరికన్ కాంగ్రెసు చట్టం చేసి ఆ కొండలను లాక్కున్నది. వూరి పక్కన ఫోర్ట్ మీడ్ సైనిక స్థావరం 1878లో వెలిసింది. ఆ నేలను న్యాయమైన పరిహారం ఇవ్వకుండా తీసుకున్నారని 1980లో సుప్రీంకోర్టు వొప్పుకుని పదికోట్ల డాలర్ల పైచిలుకు చెల్లించమన్నది. లకోటాలు ఆ డబ్బు ముట్టలేదు. తమకు కొండలు కావాలన్నారు. వడ్డీతో కలిసి అది వందకోట్ల డాలర్లు దాటింది. ఇప్పుడు చెప్పండి, ఆ ర్యాలీలో బయటివాడు ఎవడు? బండి లేని నేనా? వెయ్యి మైళ్ళ నుంచి వచ్చిన వెల్డరా? తన నేల మీద జరిగే పండగకు పిలుపు లేని లకోటా మనిషా? బయటివాడు, లోపలివాడు అనే మాటలకు గుంపును బట్టి గాక చరిత్రను బట్టి అర్థం చెప్పుకోవాలని ఈ ఒక్క ప్రశ్నే నేర్పుతుంది.

మూడోది, చూసేవాడు తానూ చూడబడటానికి సిద్ధపడాలి. ‘‘ఏం చూశావు?’’ అని అడిగే హక్కు వెల్డరుకు వుంది. ఆ ప్రశ్న వినబడే దూరంలో నిలబడి, దానికి జవాబు చెప్పి, ఆ జవాబుకు అతని ప్రత్యుత్తరం వినటమే చూపరి చెల్లించవలసిన బాకీ. అతనికి నచ్చే మాటే చెప్పాలని దీని అర్థం కాదు. అతని కోరికను కంపెనీ ఎలా అమ్ముకుంటున్నదో అతనికి చెప్పవలసిందే. కాని అతని వీపు వెనక మన పత్రికల్లో చెప్పుకుని తృప్తిపడటం విమర్శ కాదు. అది కూడా ఒక రకం కాలక్షేపమే.

నాలుగోది ఒకటుంది. దాన్ని నేర్పేది ఆ వూరికి ఈశాన్యంగా కొద్ది మైళ్ళ దూరంలో వున్న బేర్ బ్యూట్ కొండ. లకోటాలకు అది మతో పాహా, పవిత్రస్థలం. షయ్యెన్ ప్రజలకు కూడా. చెట్ల కొమ్మలకు ప్రార్థన చేస్తూ కట్టిన రంగు గుడ్డలు వేలాడుతుంటాయి. వాటిని ముట్టుకోవద్దనీ, ప్రార్థనలో వున్నవాళ్ళకు అడ్డు రావద్దనీ యాత్రికులకు చెప్తారు. ఆగస్టులో కింద రోడ్డు మీది ఇంజన్ల చప్పుడు ఆ కొండను కూడా వదలదు; దగ్గర్లో సారాకొట్లు రావటాన్ని అనేక తెగలవాళ్ళు 2006లో అక్కడ గుమికూడి ప్రతిఘటించారు. వీధి ‘‘నన్ను చూడు’’ అంటున్నది, కొండ ‘‘తల దించుకుని పో’’ అంటున్నది. రెండు పిలుపులకూ తేడా తెలియని కంటికి చూపు వుంటుంది గాని సంస్కారం వుండదు.

అభ్యుదయ సాహిత్యం ప్రజల జీవితాన్ని చిత్రించాలని మనం ఏనాటి నుంచో చెప్పుకుంటున్నాం. ఆ మాట సరైనదే. కాని ప్రజలను కిటికీలోంచి చూసి చిత్రించేవాడు థర్స్టన్ కొలబద్దకు కొత్త పేరు పెడుతున్నాడంతే. ఊరేగింపును అరుగు మీద నుంచి చూసినవాడు దాని పొడుగు చెప్పగలడు, నినాదాలు రాసుకోగలడు. అందులో నడిచేవాడి కాలికి రాయి ఎక్కడ గుచ్చుకున్నదో చెప్పలేడు. అది తెలుసుకోవాలంటే అరుగు దిగి, నడిచేవాణ్ణి అడగాలి. అడిగినప్పుడు, నువ్వెవరివి, ఎందుకు అడుగుతున్నావు అని అతను ఎదురు అడిగితే తడుముకోకుండా చెప్పగలగాలి.